కుంచె సంపాదనతో పక్షులకు నెలవు కట్టిన పీటర్ స్కాట్

కొంటాకు వాయవ్యాన విస్తరించిన ఇంద్రావతి అరణ్యం 1983లో పులుల సంరక్షణ పథకం పరిధిలోకి వచ్చింది. అంతకు పదేళ్ల ముందు, 1973లో, ఆ పథకం మన దేశంలో ఆరంభమైనప్పుడు విదేశాల్లో నిధులు సమీకరించి అండగా నిలిచిన సంస్థ ప్రపంచ వన్యప్రాణి నిధి. దాని పాండా చిహ్నాన్ని ఎరుగనివారు అరుదు. ఆ చిహ్నానికి రూపమిచ్చిన ఆంగ్ల చిత్రకారుడు సర్ పీటర్ స్కాట్ మాత్రం మన ప్రాంతంలో అంతగా పరిచితులు కారు. యౌవనంలో ఆయన పక్షుల వేటగాడన్న సంగతి మరీ తక్కువమందికి తెలుసు.

స్కాట్ 1909 సెప్టెంబరు 14న లండన్‌లో జన్మించారు. తండ్రి రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ దక్షిణ ధ్రువాన్ని చేరి, తిరుగు ప్రయాణంలో 1912లో మంచుగుడారంలోనే ప్రాణాలు విడిచారు. అప్పటికి పిల్లవానికి మూడేళ్లయినా నిండలేదు. వీలైతే బిడ్డకు ప్రకృతి శాస్త్రంపై ఆసక్తి కలిగించమని ఆయన భార్యకు తుది లేఖలో రాశారు. తల్లి క్యాథ్లీన్ శిల్పి. తండ్రి కోరిక, తల్లి కళ రెండూ ఆ కుమారునికి సంక్రమించాయి.

కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న రోజుల్లో ఆయన తెల్లవారుజామున తుపాకితో బురదనేలలకు వెళ్లి అడవి బాతులను కొట్టేవారు. ఆ బాతుల గుంపులనే కాన్వాసుపై చిత్రించేవారు. 1933లో లండన్‌లో తొలి ప్రదర్శన ఏర్పాటైంది. బొమ్మలు అమ్ముడయ్యాయి. చిత్రకళే జీవనాధారమైంది. సముద్రతీరాన పాడుబడిన ఒక దీపస్తంభంలో నివాసం ఏర్పరచుకొని, చుట్టూ సజీవ పక్షులను పెంచసాగారు. కాళ్లు విరిగి, ఎవరూ చేరలేని బురదలో మరణం కోసం ఎదురుచూస్తున్న ఒక బాతు దృశ్యం ఆయనను జీవితాంతం వెంటాడింది. అయినా వేటను ఆయన ఒక్కరోజులో మానలేదు. విముఖత క్రమంగా పెరిగి, చివరకు తుపాకిని పూర్తిగా విడిచారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసిన తరువాత, 1946లో సెవర్న్ నది సమీపాన స్లిమ్‌బ్రిడ్జ్ గ్రామంలో నీటిపక్షుల ట్రస్టును స్థాపించారు. తొలినాళ్లలో ధనానికి కటకటే. చిత్రాలు, ముద్రణలు, పుస్తకాల ద్వారా ఆయన ఆర్జించినది ఆ సంస్థకు ఊతమైంది.

ఆ శ్రమకు తొలి గొప్ప పరీక్ష హవాయి దీవుల నుంచి వచ్చింది. అక్కడి పెద్దబాతు పేరు నేనే. తెలుగువారి చెవికి చిత్రంగా తోచే ఈ పేరుగల పక్షులు అప్పటికి అడవుల్లో ముప్పయికి అటూఇటూగా మాత్రమే మిగిలాయి. 1950లో జంట అనుకొని రెండింటిని స్లిమ్‌బ్రిడ్జ్‌కు పంపారు. తీరా చూస్తే రెండూ గుడ్లు పెట్టాయి! రెండూ ఆడవే. వెంటనే తంతి పంపి, ఒక మగపక్షిని విమానంలో రప్పించవలసి వచ్చింది. 1952లో పిల్లలు పుట్టాయి. గుడ్లను పొదుగుకోళ్ల కింద ఉంచి, పొదిగిన పిల్లలను కంటికి రెప్పలా సాకి సంతతిని పెంచారు. 1962లో ఆ వంశపు పక్షులు స్వదేశపు కొండలకు తిరిగి చేరాయి.

1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి స్థాపకులలో స్కాట్ ఒకరు. గెరాల్డ్ వాటర్సన్ గీసిన తొలి నమూనాలను తీర్చిదిద్ది, నలుపు తెలుపుల్లో పాండా బొమ్మను నిర్ణయించారు. ముద్రణ ఖర్చు కలిసివస్తుందన్న లెక్క కూడా అందులో ఉంది. కళను సంరక్షణకు అంకితం చేసే ఈ బాటలో తరువాత మరికొందరు నడిచారు. డేవిడ్ షెపర్డ్ అనే చిత్రకారుడు 1973లో పులి బొమ్మ గీసి, దాని ముద్రణల అమ్మకం ద్వారా సుమారు 1,27,000 పౌండ్లు సేకరించి భారత పులుల కోసం అందించారు.

1973లోనే స్కాట్‌కు సర్ బిరుదు లభించింది. 1989 ఆగస్టు 29న, ఎనభయ్యో జన్మదినానికి సుమారు రెండు వారాల ముందు కన్నుమూశారు. స్లిమ్‌బ్రిడ్జ్‌లో ఆయన చిత్రశాల కిటికీ ఒక చెరువు మీదికి తెరుచుకుంటుంది. ఏటా చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బ్యూయిక్ హంసల ముక్కులపై పసుపు, నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవని 1964లో ఆయన ఆ కిటికీ నుంచే గమనించారు. ఒక్కొక్క హంస ముఖాన్ని గీసి, ఒక్కొక్కదానికి పేరు పెట్టి, మరుసటి ఏడు ఏవి తిరిగివచ్చాయో ఆ బొమ్మలతో పోల్చి చూసుకునేవారు.