జనపనారతో సైన్సు చేసిన జగదీశ్ చంద్ర బోస్

రేడియో అనగానే మనకు మార్కోనీ పేరే గుర్తొస్తుంది. ఆ రోజుల్లోనే మన దేశంలో రేడియో తరంగాలను పట్టే పరికరాలు తయారుచేసిన జగదీశ్ చంద్ర బోస్ గారి గురించి నేను ఈసారి రాస్తున్నాను.

ఆయన 1858 నవంబరు 30న మైమెన్‌సింగ్‌లో పుట్టారు. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ గారు పెద్ద ఉద్యోగి. అలాంటివాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. ఆయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. అక్కడ జగదీశ్‌కు ఒక పక్కన బంట్రోతు కొడుకు, ఇంకో పక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. వాళ్ళు చెప్పే పక్షుల, జంతువుల, నీటిజీవుల కబుర్లు వినే ఆయనకు ప్రకృతి మీద ఇష్టం కలిగింది. ఇంటికొస్తే తల్లి ముగ్గురికీ తేడా లేకుండా తిండి పెట్టేది. అడవి గురించీ గోదావరి గురించీ మనకు తెలిసిన సంగతులు కూడా చదువేనని ఇది తెలిశాక నాకనిపించింది.

కేంబ్రిడ్జిలో చదివి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. అక్కడ భారతీయులకు తెల్లవాళ్ళ జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. ఈయనది తాత్కాలిక ఉద్యోగమని అందులోనూ సగమే అన్నారు. బోస్ గారు ఆ జీతం ముట్టుకోలేదు. అలాగని పాఠాలు మానలేదు. ఇంట్లో అప్పులున్నా మూడేళ్ళు ఊరికే చెప్పారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి, పాత బాకీతో సహా పూర్తి జీతం ఇచ్చింది.

కాలేజీలో మంచి ల్యాబు లేదు. చిన్న గదిలో, సొంత డబ్బుతో, రేకుపని చేసే ఒకతని సాయంతో పరికరాలు చేసుకున్నారు. తరంగం ఊగే దిశను తిప్పడానికి మెలిపెట్టిన జనపనార వాడారు. మన స్టోరు రూములో గోనెసంచులకుండే నారే అది! రైల్వే టైంటేబుల్ పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి ఇంకో పరికరం చేశారు. 5 మిల్లీమీటర్లంత చిన్న తరంగాలను పుట్టించారు. 1895లో కలకత్తాలో అందరి ముందూ, గోడలకు అవతలి నుంచి వైరు లేకుండా గంట మోగించారు. గెలీనా అనే సీసపు ఖనిజంతో ఆయన చేసిన డిటెక్టరుకు 1904లో అమెరికా పేటెంటు వచ్చింది.

సూర్యుడి నుంచి కూడా ఇలాంటి తరంగాలు వస్తుండవచ్చనీ, మధ్యలో వాతావరణం అడ్డుకుంటోందేమోననీ ఆయన అప్పుడే ఊహించారు. సూర్యుడి రేడియో తరంగాలు దొరికింది 1942లో. అప్పటికి ఆయన లేరు. ఆయన 1897 నాటి ఆలోచనలను, దాదాపు వందేళ్ళ తర్వాత, అమెరికాలోని 12 మీటర్ల రేడియో టెలిస్కోపు రిసీవరులో వాడుకున్నారు.

తర్వాత మొక్కల మీద, మన అత్తిపత్తి మీద కూడా, పరిశోధన చేశారు. 1917లో కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. చందమామ మీద ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు.

కాబట్టి మిత్రులారా, సామాను తక్కువని మనం ప్రయోగాలు మానొద్దు. అలాగని న్యాయంగా రావలసింది అడగడమూ మానొద్దు. పని ఆపకుండా అడగడం ఎలాగో బోస్ గారిని చూసి నేర్చుకుందాం.