గీతకత్తి విడిచిన పాపన్న

జనగామ నుండి వరంగల్లుకు పోవు త్రోవలో రఘునాథపల్లి సమీపమున ఖిలాషాపూర్ అను గ్రామమున్నది. ఊరి పేరులోనే కోట ఉన్నది. ఖిలా అనగా కోట. రాతితో కట్టిన ఆ బురుజులు శిథిలములైనను నేటికిని నిలిచియున్నవి. వానిని కట్టించినవాడు రాజవంశమునకు చెందినవాడు కాడు. తాళ్లెక్కి కల్లు దింపు కులమున పుట్టిన సర్వాయి పాపన్న.

పాపన్న 1650లో జన్మించినాడని జనశ్రుతి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. పాత కొలువులు చెదరి, కొత్త ఏలుబడి ఇంకను వేళ్లూనని ఆ సంధికాలముననే పాపన్న పేరు వినవచ్చినది.

అతడు వదలివచ్చిన వృత్తి ఎట్టిది? మోకు ముత్తాదులతో చెట్టెక్కి, గెల కొనను పూట పూటకు సన్నగా చెక్కి, లొట్టి కట్టుట. పడమటి దేశములలో యవలతో బీరు చేయువారు గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీటిలో ఉంచి, ముందుగా పిండిని చక్కెరగా మార్చుకొనవలెను. తాటినీటికి ఆ శ్రమ లేదు; అది చెట్టునుండి దిగుటే తీపితో దిగును. గాలిలోను, పాత లొట్టి గోడలలోను ఉండు సూక్ష్మజీవులే దానిని పొంగించును. లొట్టికి సున్నము పూసిననే తప్ప ఆ పొంగు ఆగదు. తెల్లవారుజామున తీయనిది పొద్దెక్కుసరికి నురుగు కట్టును. మరునాటికి పుల్లనై పనికిరాకపోవును. ధాన్యమును గాదెలో పోసి ధర వచ్చువరకు ఆగవచ్చును గాని, కల్లును దాచి కలవాడైన గీతకాడు లేడు. మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో నేటికిని ఈ వృత్తి సాగుచున్నది.

పల్లెపాటలో తల్లి కులవృత్తి పట్టుమని కొడుకును బతిమాలును, కొడుకు ఒప్పుకొనడు. మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాన్ చెప్పునది వేరు: పాపన్న మొదట దోచినది వితంతువైన తన అక్కనేనట. ఆ ధనముతో అనుచరులను చేర్చి తాటికొండపై చిన్న కోట కట్టినాడని అతని వ్రాత. రెంటిలో ఏది నిజమైనను, పాపన్న చుట్టు చేరినవారు సామాన్యులే. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ఎరుకల, యానాది, ముసల్మాను, ఇందరున్నారని పాట చెప్పును.

కొలనుపాక ఫౌజుదారు తరిమివేయగా పాపన్న కౌలాసు జమీందారు కొలువులో చేరినాడు. అక్కడను దోపిడి మానక చెరసాల పాలైనాడు. జమీందారు కొడుకు జబ్బుపడగా తల్లి పుణ్యార్థము ఖైదీలను విడిపించినది. అట్లు బయటపడి షాపూరు చేరినాడు. సర్వన్న తోడైనాడు. హైదరాబాదు నాయబు సుబేదారు రుస్తుందిల్ ఖాన్ రెండు నెలలు ముట్టడించి ఆ కోటను పేల్చివేసినాడు. సేనలు మరలగానే పాపన్న దానిని రాయి సున్నములతో మునుపటికంటె గట్టిగా కట్టించినాడు.

1707లో ఔరంగజేబు మరణించినాడు. మరుసటి యేడు ఏప్రిల్ 1న, మొహర్రము పదవ దినమున, తెల్లవారకముందే పాపన్న మనుషులు త్రాళ్లతో వరంగల్లు గోడలెక్కినారు. ఎక్కుట వారికి కొత్తవిద్య కాదు గదా! తివాచీలకు, వస్త్రములకు పేరుపొందిన ఆ నగరము దోపిడికి గురియైనది. వేలాది స్త్రీలను, పిల్లలను చెరపట్టినారు. ఖాజీ భార్యయు, కూతురును వారిలో ఉన్నారు. పేదల పక్షము నిలిచిన వీరుడని పాడుకొనువారు ఈ ఘట్టమును దాటవేయరాదు. ఆ ధనముతో డచ్చి, ఇంగ్లీషు వర్తకుల నుండి తుపాకులు కొన్నాడు.

1709లో బహదూర్ షా హైదరాబాదున కొలువుతీరగా పాపన్న 14 లక్షల రూపాయలు సమర్పించి ఖిల్లతు పొందినాడు. తాడెక్కవలసినవాడు పాదుషా ఎదుట నిలిచినాడు! వరంగల్లు పెద్దలు సహింపలేదు. వారి మొరపై పాదుషా మనసు మార్చుకొని, అతనిని అణచుమని సుబేదారు యూసుఫ్ ఖాన్‌ను ఆజ్ఞాపించినాడు.

దెబ్బ ముందు ఇంటినుండియే తగిలినది. షాపూరు చెరలో పాపన్న బావమరది ఉన్నాడు. భార్య అన్నములో ఆకురాళ్లు దాచి తమ్మునికి పంపినది. సంకెళ్లు తెగినవి. దండయాత్రనుండి మరలివచ్చిన పాపన్నపై అతని ఫిరంగులే ప్రేలినవి.

తాటికొండ చేరినాడు. నెలల ముట్టడిలో మందుగుండు అడుగంటినది. రెట్టింపు జీతమునకు ఆశపడి బంటులు జారుకొన్నారు. 1710లో ఒకరాత్రి మారువేషముతో కోట విడిచినాడు. కాలికి గాయము.

హసనాబాదు అను ఊర ఒక కల్లు దుకాణమున ఆగి కల్లు అడిగినాడట. అమ్మువాడును గీతకాడే. వేషము మారినను మనిషిని గుర్తించినాడు. మంచి కల్లు తెచ్చెదను, కూర్చుండుమని చెప్పి వెలుపలికి పోయినాడు. తిరిగివచ్చినప్పుడు వెంట వచ్చినది బావమరదియు, బంటులును. పాపన్న తల ఢిల్లీ పాదుషాకు పంపబడినది. మొండెము హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడదీయబడినది.