అనిబిసెంటు – లండను పాఠశాలల బోర్డు

రాయలసీమలో అనిబిసెంటు పేరు విననివారు తక్కువ. 1915వ సంవత్సరమున మదనపల్లెలో ఆమె నెలకొల్పిన కళాశాల నేటికిని ఆమె పేరనే నడచుచున్నది. 1916లో ఆమె స్థాపించిన హోంరూలు లీగునకు ఆంధ్రదేశమున కార్యదర్శిగా పనిచేసినవాడు మన కర్నూలు ముద్దుబిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు. గ్రంథాలయోద్యమమునకు తన జీవితమును ధారవోసిన ఆ మహనీయుని తలంపక ఏ గ్రంథాలయమునను పండుగ జరుగరాదు. ఆయనను తలంచినప్పుడు ఆమెయు తలంపునకు వచ్చును. అయితే ఆమె భారతదేశమునకు రాకపూర్వము, ఐదేండ్లకు ముందు, లండను నగరమున పాఠశాలల బోర్డులో సభ్యత్వమునకై ఎన్నికలలో నిలిచి గెలిచిన వృత్తాంతము మనలో పెక్కురకు తెలియదు. ఆమె జీవితమున తక్కిన ఘట్టములకంటె నాకిది మిక్కిలి విలువగలదిగా తోచుటచే, ఇందు దానినే కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఆమె 1847వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనులో జన్మించెను. పుట్టింటిపేరు వుడ్. తల్లి ఐరిషు వంశీయురాలు. ఐదవయేటనే తండ్రి గతించెను. తల్లి హారో పట్టణమున బడిపిల్లలకు భోజన నివాసములు కల్పించుచు, ఆ రాబడితో కుమారుని చదివించెను. కుమార్తెను మేరియట్ అను ఒక విదుషి తనయొద్ద నుంచుకొని విద్యాబుద్ధులు గరపెను. 1867లో ఫ్రాంకు బిసెంటు అను క్రైస్తవ మతగురువుతో ఆమెకు వివాహమయ్యెను. డిగ్బీ అను కుమారుడును, మేబెల్ అను కుమార్తెయు కలిగిరి. భర్త కఠినుడు; ఆమె ప్రశ్నలు వేయక నమ్మునట్టి స్వభావము గలది కాదు. మతవిశ్వాసము సడలిన పిమ్మట, విశ్వాసమున్నట్లు నటించుటకు ఆమె అంగీకరింపలేదు. 1873లో దంపతులు విడిపోయిరి. కుమారుడు తండ్రివద్దను, కుమార్తె తల్లివద్దను ఉండునట్లు ఒడంబడిక జరిగెను.

మరుసటి యేట ఆమె చార్లెసు బ్రాడ్లాతో కలిసి నాస్తికసంఘమున పనిచేయనారంభించెను. 1877లో ఆ యిరువురును సంతాన నియంత్రణమును గూర్చిన ఒక పాతపుస్తకమును తిరిగి ముద్రించి పేదలకు చౌకగా నమ్మిరి. దానిపై అభియోగము నడచి ఆరునెలల శిక్ష పడెను. పై న్యాయస్థానమున, అభియోగపత్రపు రచనలో లోపమున్నదను కారణమున, ఆ శిక్ష రద్దయ్యెను. కాని దాని ఫలితము మరియొక విధమున ఆమెను వెన్నాడెను. 1878లో భర్త న్యాయస్థానము నాశ్రయించెను. ఇట్టి పుస్తకము ముద్రించిన నాస్తికురాలు ఆడుబిడ్డను పెంచుటకు తగదని తీర్పు వచ్చెను. మేబెల్ తల్లి చేతినుండి తీసికొనిపోబడెను. ఆ తీర్పును జ్ఞాపకముంచుకొన్ననే తరువాతి కథ అర్థమగును.

ఇక ఈ పాఠశాలల బోర్డు అనగానేమో చెప్పవలెను. ఇంగ్లండులో 1870వ సంవత్సరపు విద్యాచట్టముచే, బడులు చాలనిచోట్ల ప్రజలెన్నుకొను బోర్డులు ఏర్పడెను. స్థానికముగా పన్ను విధించి, ఆ ధనముతో బడులు కట్టించి, ఉపాధ్యాయులను నియమించి నడపుట ఆ బోర్డుల పని. 1953 వరకు మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో చేరియుండెను గదా. ఆ కాలమున ఒకప్పుడు తాలూకా బోర్డులు మన ప్రాథమిక పాఠశాలలను నడపినట్లే అనుకొనవచ్చును. భేదమేమనగా, మన తాలూకా బోర్డునకు బావులు, బాటలు, సత్రములు మున్నగు పనులెన్నో యుండెను. అక్కడి బోర్డునకు బడి యొక్కటే పని.

ఈ బోర్డుల ఎన్నికలలో రెండు విశేషములు కలవు. పార్లమెంటునకు స్త్రీలు ఓటు వేయుటకు గాని నిలుచుటకు గాని వీలులేని ఆ దినములలో, పాఠశాలల బోర్డులకు స్త్రీలు నిలువవచ్చును. పన్ను చెల్లించు స్త్రీలకు ఓటును కలదు. 1870లో జరిగిన మొదటి ఎన్నికలోనే వైద్యురాలైన ఎలిజబెత్ గారెట్, స్త్రీవిద్యకై పాటుపడిన ఎమిలీ డేవిస్ లండను బోర్డులో ప్రవేశించిరి. రెండవది ఓటు వేయు పద్ధతి. ఒక నియోజకవర్గమున ఐదు స్థానములున్నచో, ఓటరునకు ఐదు ఓట్లుండును. వాని నైదుగురికి పంచవచ్చును, లేదా అయిదింటిని ఒక్కరికే గుమ్మరింపవచ్చును. అందువలన సంఖ్యలో తక్కువగా నున్నవారును ఏకమైనచో తమ మనిషిని గెలిపించుకొనుట కవకాశముండెడిది. మన పంచాయతీలలో నిట్టి ఏర్పాటుండిన ఎన్నెన్ని పేటలకు మేలు కలిగియుండెడిదో గదా యని నాకు అనిపించుచుండును.

1888వ సంవత్సరము వేసవిలో తూర్పు లండనునందలి ఒక అగ్గిపెట్టెల కర్మాగారమున పనిచేయు ఆడుపిల్లల దుస్థితిని గూర్చి అనిబిసెంటు తన పత్రికలో వ్రాసెను. అత్యల్పమైన కూలి, ఆలస్యమైన జరిమానా, మాటలాడిన జరిమానా, భాస్వరపు ఆవిరిచే దవడయెముక కుళ్ళిపోవు రోగము. ఆ వ్రాతల పిమ్మట జూలైలో సుమారు 1,400 మంది పని మానివేసిరి. ఆమె వారికై చందాలు పోగుచేసెను, పార్లమెంటు సభ్యులతో మాటలాడించెను. మూడువారములలోపల జరిమానాలు రద్దయి సమ్మె జయప్రదముగా ముగిసెను. ఆ పిల్లలు ఒక సంఘమును గూడ ఏర్పరచుకొనిరి.

అదే తూర్పు లండనునందలి టవర్ హామ్లెట్సు నియోజకవర్గమునుండి ఆమె ఆ నవంబరులో పాఠశాలల బోర్డునకు నిలిచెను. ఓడరేవు కూలీలు, దర్జీలు, రష్యానుండి తరలివచ్చిన యూదులు, ఐర్లండునుండి వచ్చిన పేదలు కిక్కిరిసి నివసించు ప్రదేశమది. అక్కడ ఆమె ప్రచారమున ముఖ్యాంశము ఒక్కటే: ఆకలితో బడికి వచ్చు పిల్లవాడు చదువలేడు, కావున బడిలోనే వానికి అన్నము పెట్టవలెను. 1880లో చదువు నిర్బంధము చేయబడెను. కాని బడిరుసుము మాత్రము పోలేదు. తండ్రికి పనిలేని దినమున పిల్లవాడు ఖాళీ కడుపుతో బడికి రావలసినదే. పిల్లవానిని బడికి రమ్మని శాసించు ప్రభుత్వమునకు వాని కడుపును గూర్చిన బాధ్యతయు నుండవలెనని ఆమె వాదము. బడిరుసుము తీసివేయవలెననియు, బడిచదువును మతబోధనుండి వేరుచేయవలెననియు, బోర్డు పనులు చేయు కంట్రాక్టుదారులు కార్మికసంఘములు నిర్ణయించిన కూలి ఇయ్యవలెననియు గూడ ఆమె కోరెను.

తల వెండ్రుకలలో ఎఱ్ఱని రిబ్బను ముడుచుకొని, బండిమీద సభనుండి సభకు తిరుగుచు ఆమె ఉపన్యసించెను. బోర్డులో స్త్రీల అవసరము కలదనియు, నిలుచున్న స్త్రీలు మిక్కిలి తక్కువ యనియు చెప్పుచు, ఓటున్నవారిని ఓటు వేయుమనియు, ఓటు లేనివారిని తన పక్షమున పనిచేయుమనియు వేడుకొనెను. ఓటు లేనివారిని పనికి పిలుచుట మంచి యుక్తి మాత్రమే కాదు. ఆ పేటలలో బిడ్డల ఆకలి నెఱిగిన తల్లులలో పెక్కురు ఓటు లేనివారే.

ప్రతిపక్షులు పాత అభియోగమును తవ్వితీసిరి. ఉగాది పిమ్మట మన కైరుప్పలలో భద్రకాళీ వీరభద్రుల పేరిట జరుగు పిడకల సమరమున ఇరుపక్షములును పిడకలు రువ్వుకొనినను, సమరము ముగిసినంతనే అందరును మరల ఒక్కటియగుదురు. లండను ఎన్నికలలో రువ్వబడిన దూషణలకు అట్టి ముగింపు లేదు. నాస్తికురాలు, భర్తను వీడినది, బిడ్డను పెంచ తగదని న్యాయస్థానమే చెప్పినది – ఇట్టిదానికి బడిపిల్లల నప్పగింతురా యని మతపక్షమువారు ప్రశ్నించిరి. ప్రశ్నకు జవాబు ఓట్లపెట్టె చెప్పెను. టవర్ హామ్లెట్సులో అందరికంటె నెక్కువగా, 15,000కు పైబడిన ఓట్లు ఆమెకు వచ్చెను. పదేండ్లక్రితము తన ఒక్క బిడ్డను లాగుకొన్న లోకము, నేడు లండనునందలి 7,63,680 మంది బిడ్డల సంరక్షణలో తనకు భాగమిచ్చినదని ఆమె తన పత్రికలో వ్రాసికొనెను. అంత ఖచ్చితమైన లెక్కను ఆమె ఎందుకు వ్రాసెనో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెఱుగును.

గెలిచినంతమాత్రాన పనులు కాలేదు. బోర్డులో అధికసంఖ్యాకులు ఖర్చు తగ్గింపగోరిన పొదుపుపక్షమువారు. అన్నము పెట్టు ప్రతిపాదన చట్టబద్ధము కాదనియు, తల్లిదండ్రులను సోమరులను చేయుననియు ఆక్షేపణలు వచ్చెను. ఆ విషయమున ఆమె కోరినది ఆ బోర్డుచే చేయింపలేకపోయెను. కాని కూలి విషయమున ఆమె గెలిచెను. బోర్డు కంట్రాక్టులు పొందువారు న్యాయమైన కూలి నియ్యవలెనను నిబంధనను 1889లో లండను పాఠశాలల బోర్డు అంగీకరించెను. 1891లో పార్లమెంటు ప్రభుత్వపు కంట్రాక్టులకు అట్టి తీర్మానమునే చేసెను. బడి గోడ కట్టు తాపీవాని కూలియు బడి విషయమే యని గుర్తించుటలో ఆమె చూపు ఎంత దూరము ప్రసరించెనో గమనింపదగును. అదే 1891లో వచ్చిన చట్టముచే ప్రాథమిక పాఠశాలలలో రుసుము చాలవరకు తొలగెను. బడిలో అన్నము పెట్టుటకు స్థానిక సంస్థల కధికారమిచ్చు చట్టము 1906లో వచ్చెను. అప్పటికి పాఠశాలల బోర్డులే రద్దయిపోయినవి, ఆమెయు ఇంగ్లండు వీడి చాలకాలమయ్యెను.

పంటపనులు లేక సుగ్గికి పోవు కుటుంబముల బిడ్డలు బడి మానుట చూచుచున్న మన ప్రాంతమువారికి ఆ వాదములు పరాయివి కావు. 2009 విద్యాహక్కు చట్టముచే నేడు ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘము కలదు. అందు నాలుగింట మూడుపాళ్ళు తల్లిదండ్రులు, సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెనని నియమము. ఆ సంఘమున పేరు చేర్చుకొనుటకు మన ఆడువారు సంకోచించుట, చేరినవారు సంతకముతో సరిపుచ్చుకొనుట తఱచుగా కనుపించుచున్నది.

ఆమె తరువాతి జీవితమును క్లుప్తముగా చెప్పెదను. బోర్డులో నుండగనే, 1889లో, బ్లావట్స్కీ రచనను విమర్శించుటకై చదివి దివ్యజ్ఞాన సమాజమున చేరెను. నాస్తికమిత్రులు నొచ్చుకొనిరి. 1891లో గడువు తీరిన పిమ్మట మరల పోటీ చేయలేదు. ఈలోపల డిగ్బీ, మేబెల్ యుక్తవయస్కులై, తమంత తాముగా తల్లి చెంతకు వచ్చిరి. 1893 నవంబరులో ఆమె భారతదేశమున అడుగిడెను. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను, 1904లో అక్కడనే బాలికాపాఠశాలను స్థాపించెను. 1907లో సమాజాధ్యక్షురాలయ్యెను.

ఇంకొక విషయమును దాచరాదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, అతని తమ్ముని ఆమె తన సంరక్షణలోనికి తీసికొనగా, వారి తండ్రి నారాయణయ్య తన బిడ్డలను తన కిప్పింపుమని మద్రాసున దావా వేసెను. 1913లో తీర్పు తండ్రి పక్షమున వచ్చెను. 1914లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసెను. ఒకనాడు బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, మరియొకనాడు ఒక తండ్రి బిడ్డలను తనవద్ద నుంచుకొనుటకై పోరాడెను. ఈ రెండు వ్యాజ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచునప్పుడు నా మనస్సు పూర్తిగా ఆమె పక్షమున నిలువదు.

1917 జూన్‌లో ప్రభుత్వమామెను ఉదకమండలమున నిర్బంధించెను. దేశమంతట ఆందోళనము చెలరేగగా సెప్టెంబరులో విడుదల చేసెను. ఆ డిసెంబరులో కలకత్తా కాంగ్రెసునకు ఆమె అధ్యక్షత వహించెను. కాంగ్రెసు నధ్యక్షించిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. 1920లో గాంధీజీ సహాయనిరాకరణమును ఆమె ఆమోదింపకపోవుటచే ప్రజలలో ఆమె పలుకుబడి తగ్గెను. అదే సంవత్సరమున మద్రాసు కార్పొరేషను, పిట్టి త్యాగరాయశెట్టి నాయకత్వమున, థౌజండ్ లైట్సు ప్రాంతపు పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్నమున ఫలహారము పెట్టనారంభించెను. త్యాగరాయశెట్టి జస్టిసు పక్షమునకు నాయకుడు. రాజకీయములలో ఆయనయు అనిబిసెంటును బద్ధవిరోధులు. తాను టవర్ హామ్లెట్సులో కోరిన కార్యము, తన నివాసమైన అడయారుకు కొద్ది మైళ్ళ దూరమున, తన విరోధులచేతనే నెరవేరెను. 1933వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన, ఎనుబదియైదవయేట, ఆమె ఆ అడయారులోనే కన్నుమూసెను.