మంచు ఆటకు కప్పు ఇచ్చిన లార్డ్ స్టాన్లీ

పిల్లలూ! సింగపూర్‌లో మంచు పడదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉన్న ఊరు ఇది. డిసెంబరులోనూ చెమటే, జూన్‌లోనూ చెమటే. అయినా ఈ దేశానికి ఒక ఐస్ హాకీ జట్టు ఉంది! 1996 నుంచి సింగపూర్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యదేశం. జురాంగ్ ఈస్ట్‌లో జేక్యూబ్ అనే మాల్‌లో 2012 నుంచి 2023 దాకా ఒలింపిక్ సైజు రింక్ ఉండేది. మీ అన్నయ్యో అక్కయ్యో అక్కడ జారిపడి మోకాలు కొట్టుకునే ఉంటారు, అడిగి చూడండి.

చలికాలంలో చెరువులు గడ్డకట్టే కెనడాలో పెరిగిన ఆట ఇంత దూరం ఎలా వచ్చింది? చాలామంది చేతులు పడ్డాయి. వాళ్ళలో ఒకాయన గురించి ఈ పాఠంలో చదువుదాం. తమాషా ఏమిటంటే, ఆయన హాకీ ఆటగాడు కాదు. కెనడాకు వెళ్ళేటప్పటికి ఆయన వయసు 47 ఏళ్ళు.

ఆయన పేరు ఫ్రెడరిక్ ఆర్థర్ స్టాన్లీ. 1841 జనవరి 15న లండన్‌లో పుట్టాడు. వాళ్ళది మామూలు ఇల్లు కాదు. నాన్నగారు ఎర్ల్ ఆఫ్ డెర్బీ, అంటే పెద్ద జమీందారు అనుకోండి. ఆయన మూడుసార్లు బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఈ కుటుంబం కథలో మన ఊళ్ళు కూడా వస్తాయి. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన పోయి, ఇండియా నేరుగా విక్టోరియా రాణి కిందకు వచ్చింది. అప్పుడు ప్రధానమంత్రి ఫ్రెడరిక్ నాన్నగారే. ఇండియా వ్యవహారాలు చూడటానికి లండన్‌లో ఒక కొత్త మంత్రి పదవి పెట్టారు. ఆ పదవిలో మొట్టమొదట కూర్చున్నది ఎవరో తెలుసా? ఫ్రెడరిక్ వాళ్ళ అన్నయ్య! గోదావరి, కృష్ణ ఒడ్డున మీ ముత్తాతల ముత్తాతలు కట్టిన పన్నుల లెక్కలు ఆ ఆఫీసుకే చేరేవి. 1867లో నాన్నగారు మళ్ళీ ప్రధాని. ఆ ఏడాది ఏప్రిల్ 1న సింగపూర్, కలకత్తా అజమాయిషీ నుంచి విడిపోయి నేరుగా లండన్ కిందకు వచ్చింది. సరిగ్గా మూడు నెలలకు, జులై 1న, కెనడా అనే కొత్త దేశం ఏర్పడింది. ఒకే ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎన్ని దేశాల సంగతులు మాట్లాడుకునేవారో ఊహించండి. ఆ దేశాల మనుషుల్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఫ్రెడరిక్ ఈటన్ బడిలో చదివాడు. సైన్యంలో చేరి కెప్టెన్ అయ్యాడు. 1864లో కాన్‌స్టన్స్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత సైన్యం వదిలి పార్లమెంటుకు వెళ్ళాడు, యుద్ధ మంత్రి అయ్యాడు. 1885లో కొన్ని నెలలు వలసల మంత్రిగా కూడా ఉన్నాడు. వలస అంటే ఒక దేశం తన అధీనంలో పెట్టుకున్న ఇంకో దేశం. ఆ నెలల్లో సింగపూర్ గవర్నర్ రాసే ఉత్తరాలు ఆయన శాఖకే వెళ్ళేవి.

1888లో రాణి ఆయన్ని కెనడాకు గవర్నర్ జనరల్‌గా పంపింది. గవర్నర్ జనరల్ అంటే రాణి బదులు అక్కడ ఉండే పెద్ద అధికారి అన్నమాట. రాజధాని ఆటవాలో రిడో హాల్ అనే పెద్ద భవనంలో కాపురం. పిల్లలు పది మంది పుట్టారు, వాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలే. ఇంట్లో సందడి ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు.

కొత్త దేశానికి వెళ్ళిన వాళ్ళకు మొదట ఏం కష్టం? మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు: వాతావరణం, తిండి, చుట్టుపక్కల ఎవరూ తెలియకపోవడం. ఆటవా చలి మామూలు చలి కాదు. కాలువలు, నదులు రాయిలా గట్టిపడిపోతాయి. ఆ చలిలో అక్కడి జనం ఏం చేసేవాళ్ళంటే, బూట్లకు ఇనుప పట్టీలు బిగించుకుని మంచు మీద ఆడేవాళ్ళు.

ఆ ఆటకు అప్పటికే ఒక పద్ధతి వచ్చింది. 1875 మార్చి 3న మాంట్రియల్‌లో జేమ్స్ క్రైటన్ అనే ఇంజనీరు, తన స్నేహితులతో కలిసి కప్పు కింద, అంటే ఇండోర్ రింక్‌లో, ఒక పోటీ ఆడించాడు. రెండు జట్లు, ఒక్కో జట్టుకు తొమ్మిది మంది. బంతి అయితే ఎగిరి చూసేవాళ్ళ మొహాన పడుతుందని బల్లపరుపు చెక్క బిళ్ళతో ఆడారు. ఇప్పుడు అది నల్లటి రబ్బరు బిళ్ళ, దాన్ని పక్ అంటారు. తాతగారి ఊళ్ళో బిళ్ళంగోడు ఆడతారు కదా, అందులో కర్ర, బిళ్ళ ఉన్నట్టే ఇందులోనూ కర్ర, బిళ్ళ. కాకపోతే ఇక్కడ బిళ్ళ గాల్లోకి లేవకపోతేనే మంచిది.

1889 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో శీతాకాలపు ఉత్సవం జరిగింది. మన తిరునాళ్ళ లాంటిదే, మంచులో. లార్డ్ స్టాన్లీ కుటుంబంతో వెళ్ళి అక్కడ మొదటిసారి హాకీ పోటీ చూశాడు. ఆ ఒక్క ఆటతో ఇల్లంతా మారిపోయింది. రిడో హాల్ ఆవరణలో ఉన్న రింక్ మీద కొడుకులు ఆడటం మొదలుపెట్టారు. రిడో రెబెల్స్ అని జట్టు కట్టారు. క్రైటన్ అప్పటికి ఆటవాలోనే ఉద్యోగం చేస్తున్నాడు, ఆయన కూడా వాళ్ళతో ఆడాడు. వాళ్ళు రైలెక్కి వేరే ఊళ్ళకు వెళ్ళి ఆడి వచ్చేవాళ్ళు. కొడుకుల్లో ఆర్థర్ ఇంకో అడుగు వేశాడు. 1890లో అంటారియో రాష్ట్రంలో హాకీ సంఘం పెట్టడానికి సాయం చేశాడు.

నాకు మాత్రం ఈ ఇంట్లో అందరికన్నా ఇసొబెల్ ఎక్కువ ఇష్టం. ఆమె ఆయన కూతురు. ఆ ఉత్సవం నాటికి పదమూడేళ్ళు. ఆ రోజుల్లో ఆడపిల్లలు పొడవాటి గౌన్లు వేసుకునేవాళ్ళు, పరుగెత్తి ఆడటం మర్యాద కాదనేవాళ్ళు. ఇసొబెల్ ఆ గౌనుతోనే మంచు మీదకు దిగింది, కర్ర పట్టింది, ఇతర ఆడవాళ్ళతో జట్టుగా ఆడింది. తెల్ల గౌనులో ఆమె హాకీ ఆడుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. ఆడవాళ్ళ ఐస్ హాకీ ఫొటోల్లో చాలా పాతది అదే. నాన్నగారు వద్దనలేదు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు కప్పు సంగతి. కెనడాలో ఊరూరా జట్లు ఉన్నాయి. కానీ దేశం మొత్తానికి ఏ జట్టు గొప్పది? తేల్చే పద్ధతి లేదు. మాది గొప్ప అంటే మాది గొప్ప! 1892 మార్చి 18న ఆటవాలో ఆటగాళ్ళకు విందు జరిగింది. ఆ విందుకు లార్డ్ స్టాన్లీ రాలేదు, ఒక ఉత్తరం పంపాడు. ఏటా దేశంలో గెలిచిన జట్టు దగ్గర ఉండేలా ఒక కప్పు ఇస్తానని అందులో రాశాడు. సభలో ఆ ఉత్తరం చదివి వినిపించారు.

కప్పును లండన్‌లో కొన్నారు. వెండి గిన్నె. ఖరీదు పది గినీలు, అంటే అప్పటి లెక్కలో 50 డాలర్ల లోపే. మీకు ఇంత చిన్నదా అనిపించవచ్చు, కానీ ఆయన తెలివి గిన్నెలో లేదు, షరతుల్లో ఉంది. గెలిచిన జట్టు కప్పును సొంతం చేసుకోకూడదు, తర్వాత గెలిచినవాళ్ళకు అప్పగించాలి. దాన్ని చూసుకోవడానికి ఆటవాలో ఇద్దరు పెద్దమనుషులను పెట్టాడు. సవాలు చేసే హక్కు ఒక్క పెద్ద ఊళ్ళకే కాదు, దూరపు ఊళ్ళ జట్లకు కూడా ఉంటుంది.

ఈ చివరి షరతు వల్ల ఏం జరిగిందో చూడండి. కెనడా వాయవ్య మూల యూకాన్‌లో డాసన్ అనే ఊరు ఉంది. బంగారం తవ్వేవాళ్ళ ఊరు. అక్కడి జట్టు 1904 డిసెంబరులో ఆటవాకు బయలుదేరింది. దూరం సుమారు 6,400 కిలోమీటర్లు! కొందరు కుక్కలు లాగే బండ్ల మీద, కొందరు సైకిళ్ళ మీద, సైకిళ్ళు పాడైతే నడిచి, ఆ తర్వాత ఓడ, ఆ తర్వాత రైలు. మూడు వారాలు దాటింది. 1905 జనవరిలో ఆటవా చేరి, సరిగా ఒళ్ళు విరుచుకునే టైమ్ కూడా లేకుండా ఆటకు దిగారు. మొదటి ఆటలో 9–2తో ఓడారు. రెండో ఆటలో 23–2! ఆటవా జట్టులో ఫ్రాంక్ మెక్‌గీ అనే కుర్రవాడు ఒక్కడే 14 గోల్స్ కొట్టాడు. అతనికి ఒక కన్ను కనిపించదు. పాపం డాసన్ వాళ్ళు అనిపిస్తుంది కదా? కానీ నూరేళ్ళు దాటినా వాళ్ళ ప్రయాణం గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

కప్పు మొదటిసారి 1893లో మాంట్రియల్ జట్టుకు దక్కింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నుంచి కబురు వచ్చింది: అన్నయ్య చనిపోయాడు. అన్నయ్యకు పిల్లలు లేరు కాబట్టి ఎర్ల్ పదవి, జమీ తమ్ముడికి వచ్చాయి. ఇంటి బాధ్యత కదా, లార్డ్ స్టాన్లీ జులైలో కెనడా వదిలి వెళ్ళిపోయాడు. కప్పు కోసం జట్లు తలపడ్డ మొదటి పోటీ 1894 మార్చిలో జరిగింది. తన పేరు మీద ఉన్న కప్పు కోసం జరిగిన ఒక్క ఆట కూడా ఆయన చూడలేదు.

ఇంగ్లండ్‌లో ఆయన లివర్‌పూల్ నగరానికి మేయర్‌గా పనిచేశాడు. కొడుకులు మాత్రం కర్రలు వదల్లేదు. ఒక గడ్డు చలికాలంలో బకింగ్‌హామ్ రాజభవనం చెరువు గడ్డకడితే, స్టాన్లీ అన్నదమ్ములు రాజకుటుంబం జట్టుతో ఆడి చిత్తుగా ఓడించారని చెబుతారు.

1908 జూన్ 14న ఆయన చనిపోయాడు. అంతకు దాదాపు నెల ముందు, మే 15న, పారిస్‌లో కొన్ని దేశాల వాళ్ళు కూర్చుని అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య పెట్టారు. ఇప్పుడు అందులో 80కి పైగా సభ్యదేశాలు ఉన్నాయి.

1920లో ఐస్ హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చింది. విచిత్రం ఏమిటంటే అవి బెల్జియంలో జరిగిన వేసవి ఒలింపిక్స్! కెనడా తరఫున విన్నిపెగ్ ఫాల్కన్స్ అనే జట్టు వెళ్ళి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో దాదాపు అందరూ ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ పిల్లలు. ఊళ్ళో వేరే జట్లు మొదట వాళ్ళను తమతో చేర్చుకోలేదు, అందుకే సొంత జట్టు పెట్టుకున్నారు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష. మీకు బాగా అర్థమయ్యే సంగతే.

మరి మంచు లేని దేశాల సంగతి? 1876లో లండన్‌లో జాన్ గాంజీ అనే ఆయన యంత్రంతో గడ్డకట్టించిన రింక్ తెరిచాడు. ఇప్పటికీ సూత్రం అదే. నేల కింద గొట్టాలు పరుస్తారు. వాటిలో బాగా చల్లబరిచిన ఉప్పునీటి లాంటి ద్రవం తిరుగుతుంది. పైన నీళ్ళు పలచగా, పొర మీద పొర చల్లుతూ పోతే గడ్డకడుతుంది. ఇంట్లో ఫ్రిజ్ చేసే పనే, కాస్త పెద్ద ఎత్తున. అందుకే బ్యాంకాక్‌లో, మనీలాలో, కౌలాలంపూర్‌లో కూడా హాకీ ఉంది. 2017లో కౌలాలంపూర్ సీ గేమ్స్‌లో ఐస్ హాకీ మొదటిసారి పెట్టారు. సింగపూర్ ఆడింది. బంగారం ఫిలిప్పీన్స్‌కు వెళ్ళింది. అంటే గెలవడానికి మంచు కురవక్కర్లేదు, కానీ రింక్ మాత్రం ఉండాలి. అది ఖరీదైన వ్యవహారం. కరెంటు బిల్లు ఊరికే రాదు మరి! ఒక రింక్ మూతపడితే పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి అనేది వేడి దేశాల్లో ఎప్పుడూ ఉండే సమస్యే.

ఇండియాలో అయితే లదాఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద కూడా ఆడతారు. లదాఖ్ అమ్మాయిలు ఎక్కువగా ఉన్న భారత జట్టు 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4–3తో ఓడించింది. ఇసొబెల్‌కు కూడా తర్వాత గౌరవం దక్కింది. అమెరికాలో ఆడవాళ్ళ హాకీ లీగ్ ఒకటి తన కప్పుకు ఆమె పేరు పెట్టి, 2016లో మొదటిసారి ఇచ్చింది.

స్టాన్లీ కప్పు ఇప్పుడు నిలువునా పెరిగిపోయింది. గెలిచిన ఆటగాళ్ళ పేర్లు చెక్కడానికి కింద పట్టీల మీద పట్టీలు చేరుస్తూ పోయారు. దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు, 15 కిలోలకు పైగా బరువు. ఆటగాళ్ళు నెత్తి మీదకు ఎత్తుకుని తిరిగే ఆ కప్పు పైన ఉన్న గిన్నె నకలు. అసలు గిన్నె వెండి పెళుసైపోవడంతో దాన్ని పక్కన పెట్టారు. ఎప్పుడైనా టొరంటో వెళ్తే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చూడవచ్చు. ఆ భవనం ఒకప్పుడు బ్యాంకు. బ్యాంకు ఖజానా గదిలోనే గిన్నెను పెట్టారు. ఎత్తు 19 సెంటీమీటర్లు కూడా ఉండదు, మీ స్కేలు కన్నా చాలా చిన్నది.