హెన్రీ దార్సీగారి జీవితము

పుట్టిన యూరి ఋణమును తీర్చుకొనిన ధన్యుల చరిత్రము ఏ దేశమునకు సంబంధించినదైనను మనకు పఠనీయమే. కావున ఫ్రాన్సు దేశపు ఇంజనీరగు హెన్రీ దార్సీగారి జీవితమును మా సోదరులకును పోషకులకును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

దార్సీగారు 1803వ సంవత్సరము జూను 10వ తేదిని దిజోను నగరమున జన్మించిరి. మన గోదావరికి ఆనకట్ట గట్టించిన కాటను దొరగారును ఆ యేటనే మే నెలలో జన్మించుట విశేషము. దార్సీగారికి పదునాలుగేండ్ల ప్రాయమున పితృవియోగము సంభవించెను. తల్లి ధైర్యము వీడక, నగరమువారి వలన విద్యార్థివేతనము సంపాదించి కుమారుని చదివించెను. 1821లో పారిసునందలి పాలిటెక్నిక్ విద్యాలయమునను, 1823లో వంతెనలు రహదారుల విద్యాలయమునను ప్రవేశించి, ప్రభుత్వ ఇంజనీరై స్వస్థలమునకే మరలి వచ్చిరి.

ఆ దినములలో దిజోను ప్రజలకు మంచినీరు కరవు. దార్సీగారు దూరముననున్న రోజ్వారు ఊటను పరీక్షించి, పండ్రెండు కిలోమీటర్లకు మించిన మూతకాలువను గట్టించి, 1840 సెప్టెంబరు 6వ తేదిని ఆ నీటిని నగరమునకు రప్పించిరి. వీధులలో 100కు పైగా కొళాయిలు వెలసెను. బీదలకు నీరు ఉచితముగా దొరకవలెననుట వారి నిశ్చయము. ఇంతటి పనికి రావలసిన ప్రతిఫలమును వారు నిరాకరించి, నగరమువారి బంగారు పతకమును మాత్రము స్వీకరించిరి.

అట్టివారికిని కష్టములు తప్పలేదు. 1848 నాటి విప్లవమున క్రొత్త అధికారులు వారిని దిజోను నుండి తొలగించి వేఱొక చోటికి పంపిరి. పిమ్మట పారిసులో నీటి సరఫరా, బాటల శాఖలకు అధిపతులైరి. కాని దేహారోగ్యము చెడుటచే ఆ భారమును వదలి, 1855లో పరిశోధనకై స్వనగరము చేరిరి.

ఆ యేటనే అక్కడి ఆసుపత్రియందు నిలువు గొట్టమొకటి నెలకొల్పి, ఇసుక నింపి, పైనుండి నీటిని వదలి, క్రిందికి దిగిన నీటిని కొలిచిరి. ఆ గొట్టము ఎత్తు రెండున్నర మీటర్లు. లోపలి వ్యాసము 35 సెంటీమీటర్లు. ఇసుకకు పైని క్రిందను గల నీటిమట్టముల భేదము రెట్టింపైనచో ప్రవాహమును రెట్టింపగును. ఇసుకపొర మందము రెట్టింపైనచో ప్రవాహము సగమగును. ఈ నియమము 1856లో వెలువడిన వారి గ్రంథమున అనుబంధముగా ప్రకటితమైనది.

చూచుటకు స్వల్పమైనను దీని ఫలము అపారము. ఇసుకనేలపై గట్టిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికే, అనగా ఈ నియమము వెలువడకమునుపే, పూర్తియైనది. అట్టి కట్టడముల క్రింద ఎంత నీరు ఊరిపోవునో, ఒక బావి ఎంత నీటినిచ్చునో లెక్కించు మార్గమును దార్సీగారే చూపిరి. నేడు కంప్యూటరుపై భూగర్భజలమును గణించువారును నేలను చిన్న చిన్న గదులుగా విభజించి, గది గదికిని ఈ నియమమునే వర్తింపజేయుచున్నారు.

1858 జనవరి 3వ తేదిని దార్సీగారు పారిసున శ్వాసకోశవ్యాధిచే పరమపదించిరి. దిజోను ప్రజలు వారి దేహమును స్వనగరమునకు గొనివచ్చి, ఊరిలోని ప్రధానమైన కూడలి కొకదానికి వారి పేరిడిరి.

తండ్రిలేని బాలుని చదువునకు నగరమువారు పెట్టిన సొమ్ము నగరమంతటికి నీరై తిరిగివచ్చెను. పిమ్మట లోకమంతటికి శాస్త్రమయ్యెను. విద్యాదానమునకు ఇంతకు మించిన నిదర్శనము వలదు. మనలో కలవారు లేనివారి బిడ్డలను చదివింతురుగాక! చదివినవారు తమ యూరిని మఱవకుందురుగాక!