తోడులో ఏముందో చూసినవాడు

పాశ్చర్ అనగానే మనలో చాలామందికి కుక్కకాటు టీకా గుర్తొస్తుంది. మాది నారాయణఖేడ్ కాబట్టి నాకు ముందు పాలే గుర్తొస్తాయి.

లూయీ పాశ్చర్ 1822లో ఫ్రాన్స్‌లోని డోల్‌లో పుట్టాడు. తండ్రి తోళ్లు పదును చేసేవాడు. కెమిస్ట్రీ చదివిన పాశ్చర్ 1854లో లీల్ నగరంలో సైన్స్ విభాగానికి డీన్ అయ్యాడు. రెండేళ్లకు అక్కడి వ్యాపారి ఒకాయన వచ్చి, బీట్ దుంపలతో ఆల్కహాల్ తీస్తుంటే కొన్ని తొట్లు పాడైపోతున్నాయని చెప్పుకున్నాడు. పాశ్చర్ మైక్రోస్కోప్‌లో చూశాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్ట్ కణాలు, పులిసిన తొట్టిలో పొడుగాటి సన్నని జీవులు కనిపించాయి.

పులవడం వట్టి రసాయన చర్య అని అప్పటి పెద్ద పెద్ద కెమిస్టులు నమ్మేవాళ్లు. కాదు, పాలు పులిసేది ప్రాణమున్న సూక్ష్మజీవుల వల్లేనని 1857లో పాశ్చర్ ప్రకటించాడు. మన ఇళ్లలో తోడు వేస్తే పాలు పెరుగవుతాయని ఎప్పటినుంచో తెలుసు. ఆ తోడులో పని చేసేది ఏమిటో తేలింది మాత్రం ఈ దారిలోనే.

ఇంట్లో మాత్రం దుఃఖమే. ముగ్గురు కూతుళ్లు చిన్నప్పుడే చనిపోయారు, అందులో ఇద్దరిని టైఫాయిడ్ తీసుకెళ్లింది. 1868లో ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అయినా పని ఆపలేదు. 1885లో కుక్కకాటు టీకా వేసి ఒక పిల్లాణ్ని బతికించాడు. 1895లో కన్నుమూశాడు.

పాశ్చర్ వేడి చేసి కాపాడింది ముఖ్యంగా వైన్‌ని. ఆ పద్ధతిని పాలకు వాడొచ్చని 1886లో చెప్పింది జర్మనీకి చెందిన సాక్స్‌లెట్. ఇప్పుడు డెయిరీల్లో పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు.

కానీ పులిసిన పాలను ఏ మెషీనూ మళ్లీ తాజా పాలు చేయలేదు. అందుకే అసలు పని బర్రె దగ్గరే మొదలవుతుంది. మా దగ్గర పిండిన పాలు హైదరాబాద్ చేరాలంటే వంద కిలోమీటర్లు దాటాలి. గోరువెచ్చని పాలల్లో బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు అయిపోతుంది. ఊళ్లోనే కూలర్ పెట్టి 4 డిగ్రీలకు దించితే ఆ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. అయితే చల్లదనం వాటిని చంపదు. పొదుగు కడగకపోయినా, క్యాన్‌లో నిన్నటి పాల జిడ్డు మిగిలినా కూలర్ పెద్దగా చేసేదేమీ ఉండదు. పాలు పిండే మెషీన్ కూడా అంతే. దాని పైపులు రోజూ వేడినీళ్లతో, మందుతో కడిగితేనే లాభం. లేకపోతే చేత్తో పిండిన పాలకన్నా తొందరగా పాడవుతాయి.

పాలు పలిగితే ఆ పూట రైతు కష్టమంతా నేలపాలే. రేపు మనం సెన్సార్లు, యాప్‌లు తయారుచేసి పల్లెలకు పంపుతాం. అవి డిగ్రీలు చూపిస్తాయి, క్యాన్ మాత్రం కడగవు. కంటికి కనపడనిది క్యాన్‌లో ఉందని పాశ్చర్ చూపించి నూటయాభై ఏళ్లు దాటింది. దాన్ని కడిగే చెయ్యి ఎవరిదో ఆ చేతికి పని తేలికయ్యేలా చేయడమే ఇంక మన వంతు.