ప్రోటీన్లకు గీటురాయి – జి.ఎన్. రామచంద్రన్

నేటి కేరళ రాష్ట్రంలోని ఎర్నాకుళంలో 1922 అక్టోబరు 8వ తేదీన గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ జన్మించారు. తండ్రి గణితాచార్యులు. 1942లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో విద్యుత్ ఇంజనీరింగు విద్యార్థిగా చేరిన రామచంద్రన్, సర్ సి.వి. రామన్ ప్రభావంతో భౌతికశాస్త్రం వైపు మళ్ళారు. కేంబ్రిడ్జిలో పరిశోధన ముగించి 1949లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యారు.

అక్కడ ఆయన చర్మానికి, ఎముకలకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణాన్ని అన్వేషించారు. ఎక్స్‌కిరణాలు అణువును ఛాయాచిత్రం వలె నేరుగా చూపవు. ఫిల్ముపై అవి మిగిల్చిన గుర్తులను బట్టి శాస్త్రజ్ఞుడే దాని రూపాన్ని నిర్ణయించాలి. కొల్లాజెన్ ముప్పేట తాడు వంటిదని రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 1955 సంవత్సరాలలో ప్రకటించారు. అయితే ఆ నమూనాలో కొన్ని పరమాణువులు మితిమీరి దగ్గరగా ఉన్నాయని క్రిక్, రిచ్ అనే శాస్త్రవేత్తలు ఆక్షేపించారు. ముప్పేట రూపం నిలిచింది గాని, వివరాలు వివాదాస్పదమయ్యాయి.

ఆ విమర్శ రామచంద్రన్‌ను ఒక మౌలిక ప్రశ్న వైపు నడిపించింది. పరమాణువులు ఒకదానికొకటి ఎంత చేరువకు రాగలవు? అప్పటికి వెలువడిన స్ఫటిక నిర్మాణాలను గాలించి ఆ కనిష్ఠ దూరాలను నిర్ధారించారు. ప్రోటీన్ అమైనో ఆమ్లాల గొలుసు. ప్రతి అమైనో ఆమ్లం వద్ద అది ఫై, సై అనే రెండు కోణాలలో మెలి తిరుగుతుంది. పరమాణువులు ఢీకొనే మెలికలు సాధ్యం కావు. సాధ్యమైన కోణాలను తెలిపే పటాన్ని రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ప్రకటించారు. అదే 'రామచంద్రన్ పటం'.

ఎక్స్‌రే సమాచారం మసకగా ఉన్నచోట గొలుసును తప్పుగా అమర్చే ప్రమాదం ఉంది. నమ్మదగిన నిర్మాణంలో దాదాపు అన్ని కోణాలూ పటంలోని అనుమతించిన ప్రదేశాలలోనే పడతాయి. అనేకం వెలుపల పడితే ఆ నిర్మాణాన్ని మరల పరిశీలించాలి. ఒకటి రెండు బిందువులు వెలుపల ఉన్నంత మాత్రాన అది తప్పని తీర్మానించరాదు. ప్రయోగ సమాచారం స్పష్టంగా బలపరిస్తే అది నిజమైన మెలికే కావచ్చు. పార్శ్వశాఖ లేని గ్లైసీన్‌కైతే ఈ స్వేచ్ఛ మరింత అధికం.

1977లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో రామచంద్రన్ కన్నుమూశారు. ప్రపంచ ప్రోటీన్ నిధిలో చేరే నిర్మాణాలను నేటికీ ఆయన పటంతో సరిచూస్తున్నారు. తన నమూనాలో ఇతరులు చూపిన లోపం నుండే, ఎల్లరి నమూనాలను పరీక్షించే గీటురాయిని ఆయన రూపొందించారు.